నీలం పెన్సిల్‌తో రాసిన ‘పైలం’

ఇరవై ఆరేళ్లు పత్రికలో సబ్‌ఎడిటర్‌గా పనిచేసి నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, ఇతరుల వాక్యాల్లో తప్పులు పట్టడం. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద నడుస్తుంటే కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు చదువుతూ, దీర్ఘం ఎగరగొట్టినవాణ్ణి, ఒత్తు మింగేసినవాణ్ణి పేరుపేరునా తిట్టుకుంటూ పోతాను. అలాంటి నాకు ఒక మనిషిని సరిగ్గా చదవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ మనిషి పేరు అంతయ్య.

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో పెన్షన్ కాగితాలు జిరాక్స్ తీయించుకుందామని మెట్రో స్టేషన్ పక్క సందులో ఒక చిన్న షాపుకు వెళ్లాను. పిల్లలు మోడల్ పేపర్లు పట్టుకుని కౌంటర్ మీద పడుతున్నారు. మిషన్ వెనక బక్కపలచని పెద్దాయన దగ్గుకుంటూ, ఒక అమ్మాయి నోట్సును వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు.

“బిడ్డా, గీ లేత నీలం గీతలు రావు. మిషన్‌కు కనవడయ్. నల్ల పెన్నుతోని దిద్దుకొని రా.”

ఆ మాట వినగానే తలెత్తాను. నాకు తెలిసినంతలో ఆ మాట అనగల మనిషి హైదరాబాదులో ఒక్కడే.

“అంతయ్యా!”

“మహిపాల్ సార్! నన్ను గుర్తువట్టరనుకున్న.”

షాపు ఆయన తమ్ముడి కొడుకుదట. మా పత్రికలో ఉద్యోగం పోయాక ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడట. నేను ఉండేది నాలుగు సందుల అవతల. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదన్నమాట. బోర్డులు చదివేవాడికి మనుషులెందుకు కనిపిస్తారు!

అంతయ్యది నల్లగొండ దిక్కు పల్లె. ఏడో తరగతితో చదువు ఆపి పట్నం వచ్చి, మొదట దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద సినిమా పోస్టర్లు అంటించాడు. తడిసిన కాగితాన్ని చిరగకుండా ఎలా పరవాలో అక్కడే నేర్చుకున్నానంటాడు. తర్వాత మా ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరాడు. అతను కాగితం పట్టుకునే తీరు చూసి ఎవరో ప్రాసెస్ గదిలోకి తీసుకున్నారు.

ప్రాసెస్ గది అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. కంప్యూటర్లు రాకముందు, పేపర్లో రావలసిన ప్రతి బొమ్మనూ ఒక పెద్ద కెమెరా ముందు పెట్టి ఫిల్ము తీసేవారు. ఆ ఫిల్ము నుంచే అచ్చు. కిటికీల్లేని గది, ఎర్ర దీపం, ముక్కు పగిలే మందునీళ్ల ఘాటు. ఆ కెమెరాకు ఒక గుణం ఉండేది. లేత నీలం దాని కంటికి ఆనదు. అందుకే ఆర్టిస్టులు ముందు నీలం పెన్సిల్‌తో గీసుకుని, పైన నల్ల ఇంకుతో దిద్దేవాళ్లు. మేం కూడా బొమ్మ అంచున ‘మూడు కాలమ్‌ల వెడల్పు’ అనో ‘ఇంకొంచెం తగ్గించు’ అనో నీలం పెన్సిల్‌తోనే రాసేవాళ్లం. ప్రాసెస్ వాడికి కనిపిస్తుంది, పాఠకుడికి కనిపించదు. కాబట్టి అంతయ్య లోకంలో నీలంలో రాసిందల్లా ఆర్డరే. రాసింది చేయాలి, ఎందుకని అడగకూడదు.

తొంభై ఒకటిలో మా పత్రికకు కార్టూనిస్టుగా కోటేశ్వరమ్మ గారు వచ్చారు. రేపల్లె దగ్గరి మనిషి. బొమ్మ కింద ‘కోటి’ అని సంతకం పెట్టేవారు. పాఠకులు మగవాడనుకుని ‘కోటి గారూ, మీసం మెలేశారండీ’ అని ఉత్తరాలు రాసేవాళ్లు. ఆవిడ కార్టూన్లో ఎప్పుడూ ఒక మూలన ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఒకామె నిలబడి ఉండేది. మాట్లాడదు, చూస్తుంది, అంతే. ఒకసారి మంత్రిగారు కుళాయి ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరిస్తుంటే, ఈమె బిందెను తెచ్చి సరిగ్గా ఆ రిబ్బను కింద పట్టింది. ఆ రోజు డెస్కంతా పడీపడీ నవ్వాం.

నవ్వి ఏం చేశాం? మర్నాడు ఆ అసలు బొమ్మ మీదే టీ గ్లాసులు పెట్టుకున్నాం. అట్ట గట్టిది కదా, మిరపకాయ బజ్జీల నూనె అద్దడానికి బాగుండేది. ఆ అద్దిన చేతుల్లో నా చేతులు కూడా ఉన్నాయి. వారానికోసారి చిత్తుకాగితాలవాడు వచ్చి మిగిలినవి ఊడ్చుకుపోయేవాడు.

ఆవిడ మొదటి బొమ్మ ప్రాసెస్‌కు వెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది. అంతయ్య దాన్ని పట్టుకుని డెస్కు దగ్గరికి వచ్చాడు.

“మేడం, గిది మనకు గాదా? కోఠికి పంపాల్నా?”

‘కోటి’ సంతకాన్ని కోఠి పేట పేరనుకున్నాడని అందరం గొల్లుమన్నాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. “అది నా పేరండీ, అంతయ్య గారూ” అన్నారు. మా ఆఫీసులో అంతయ్యను ‘గారు’ అన్న మొదటి మనిషి ఆవిడ. చివరి మనిషి కూడా ఆవిడే.

సరే, జిరాక్స్ షాపులో ఆ పాత ముచ్చట్లన్నీ వచ్చాయి. మాటల్లో మాటగా నేను చెప్పాను.

“కోటేశ్వరమ్మ గారు మొన్న ఎల్‌బీనగర్ల ఒక సన్మానం కాడ కలిసిర్రు. మన్సూరాబాద్‌లనే ఉంటున్నరు. ఆమె కార్టూన్లు పుస్తకం ఎయ్యనీకి ఎవరో ముందుకొచ్చిర్రట. కని పాత పేపర్ల నుంచి తీస్తే అలికినట్టు వస్తున్నయట. అసలు బొమ్మ ఒక్కటి గూడ లేదు. ఎవడో ఎత్తుకపోయి అమ్ముకున్నడని ఎవరో చెప్పిర్రట ఆమెకు. ‘ఆ దొంగ కనిపిస్తే ఒక్కటే అడుగుతాను, ఎందుకు చేశావని’ అన్నరు.”

అంతయ్య వేలు మిషన్ బటన్ మీదే ఉండిపోయింది. ఒక్క కాపీ అడిగితే ఏడెనిమిది వచ్చాయి.

“దొంగ అన్నరా, సార్?”

“అన్నరు మరి. కడుపు మండదా?”

ఆయన నా కాగితాలు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. పోయొస్తానని కూడా అనకుండా పోయాడేమిటని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున మా ఇంటి గంట మోగింది. అంతయ్య, ఆయన వెనక భార్య అండాలమ్మ. కాఫీ వద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు. గుమ్మంలోనే చెప్పేశాడు.

“సార్, గా దొంగను నేనే.”

“దొంగ గాదు సార్, పిచ్చోడు” అంది అండాలమ్మ. “దొంగ అయితే అమ్ముకునేటోడు గద. గీయన ముప్పై ఏండ్ల సంది మా నెత్తి మీద వెట్టిండు.”

నెత్తి మీదంటే నిజంగా నెత్తి మీదే. ఆ రోజే మీర్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్లి చూశాను. రెండు గదుల ఇల్లు. పడుకునే గది సజ్జ మీద, ఫిల్ములు వచ్చే పాత గట్టి అట్టపెట్టెలు పదకొండు. ఒక్కో పెట్టెను నూలుచీర ముక్కలో మూటగట్టారు. లోపల బొమ్మకూ బొమ్మకూ మధ్య పలచటి కాగితం, మూలల్లో ఎండిన వేపాకు. వెనక తారీఖు, అంతయ్య చేతిరాతలో. పన్నెండేళ్ల బొమ్మలు, ఆయన డ్యూటీలో ఉన్న ప్రతి రోజుదీ.

“మొన్న పెద్ద వానలకు గల్లీల నీళ్లు మోకాళ్ల దాంక వచ్చినయ్ సార్” అంది అండాలమ్మ. “నేను బియ్యం బస్త ఎత్తుమంటే గీయన సజ్జ కింద నిలవడి పైకప్పు ఉరుస్తుందా అని చూస్తుండె. బియ్యం తడిసినయ్. బొమ్మలు తడ్వలే.”

నేను ఒక పెట్టె తెరిచాను. కరెంటు కోతల ఎండాకాలపు కార్టూన్. సభలో మంత్రిగారు జ్యోతి వెలిగిస్తుంటే, జనమంతా ‘అది ఆర్పకండి సారూ’ అని దండం పెడుతున్నారు. నల్ల గీత నిన్న గీసినంత నిగనిగలాడుతోంది. నల్ల గీతల కింద లేత నీలంలో ఆవిడ చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎక్కడ మనసు మార్చుకుందో అంతా కనిపిస్తోంది. బిందె పట్టుకున్నామెను ముందు ఎడమవైపు గీసి, తర్వాత కుడివైపుకు మార్చారు. పేపర్లో వేలమంది చూసింది ఒక బొమ్మ, ఈ సజ్జ మీద ఉన్నది ఇంకొకటి.

బొమ్మ కింది అంచున, అదే నీలం పెన్సిల్‌తో చిన్నగా ఒక మాట ఉంది. ‘పైలం’. మా దిక్కున జాగ్రత్తకు ఆ మాటే.

ఇంకొకటి తీశాను. దాని మీదా ‘పైలం’. ఇంకొకటి. దాని మీదా.

“మేడమే రాసిర్రు గద సార్” అన్నాడు అంతయ్య. “పైలం అంటే పైలంగ వెట్టుమనే గద. ఆఫీసుల ఏడ వెట్టాలె? ర్యాక్ మీద వెడితే మీరు గ్లాసులు వెడ్తరి. కింద వెడితే చిత్తుకాయితాలోడు ఎత్తుకపోతడు. అందుకే ఇంటికి తెచ్చిన.”

“మరి ఆమెకు ఒక్క మాట చెప్పకపోతివి?”

“ఎట్ల చెప్త సార్? ఫిల్ములు కడిగిన మందునీళ్లల్లకెల్లి వెండి తీసి అమ్ముకున్నడని మా గదిలోడిని ఒగన్ని తీసేసిరి. గా గదిలకెల్లి చీపురుపుల్ల తీస్కపోయినా దొంగతనమే. అండాలు బొడ్డు కాడికి ఒక సంచి కుట్టిచ్చింది. అంగి కింద వెట్టుకొని తెచ్చెటోన్ని. దినాం గేటు కాడ పానం పోయేది.”

ఆయన పెట్టెలు తిరిగి కట్టాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. “ఇచ్చేస్త సార్. ఆమెయి ఆమెకు ఇచ్చేస్త. కని గా ఆఫీసుల నన్ను గారూ అన్నది ఆమె ఒక్కతే. గా నోటితోనే దొంగ అంటదేమో. అంటే పడ్త. మీరు జర పక్కన ఉండుండ్రి.”

మూడు వారాలు ఆయన తిండి తిన్నాడో లేదో అండాలమ్మ చెప్పనక్కర్లేదు, ముఖం చూస్తే తెలుస్తోంది. ఆ ముఖం చూసి నాకు సిగ్గేసింది. గ్లాసులు పెట్టినవాణ్ణి, నూనె అద్దినవాణ్ణి నేను. దొంగనని వణుకుతున్నది ఆయన.

ఆదివారం పొద్దున ఒక ట్రాలీ ఆటో మాట్లాడి, టార్పాలిన్ కప్పి, పదకొండు పెట్టెలతో మీర్‌పేట్ నుంచి ఎల్‌బీనగర్ మీదుగా మన్సూరాబాద్ బయలుదేరాం, అండాలమ్మతో కలిపి ముగ్గురం. చినుకులు పడుతున్నాయి. అంతయ్య డ్రైవర్ పక్కన కూర్చోనన్నాడు. వెనక పెట్టెల మధ్య, టార్పాలిన్ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా డ్రైవర్‌ను “మెల్లగ, బాబూ, మెల్లగ” అని బతిమాలుతూనే ఉన్నాడు.

కోటేశ్వరమ్మ గారిది రెండో అంతస్తు ఫ్లాటు. డెబ్భై మూడేళ్లు. వేళ్లు బిగుసుకుపోయి బొమ్మలు మానేసి చాలాకాలమైంది. తలుపు తీసి నన్ను పలకరించి, నా వెనక పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని కళ్లజోడు సర్దుకుని చూశారు.

“అంతయ్య గారు కదూ! ఎంత చిక్కిపోయారండీ! లోపలికి రండి.”

అంతయ్య పెట్టె కింద పెట్టి, చీరముక్క విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మేడం, గివి మీయే. నేనే తీస్కపోయిన. ఒక్కటి గూడ అమ్మలే, ఎవ్వలకు ఇయ్యలే. ఇంక పది కింద ఆటోల ఉన్నయ్. దొంగతనం అంటే దొంగతనమే.”

ఆవిడ మూత తీశారు. పైనున్న బొమ్మ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. బిందె పట్టుకున్నామె మీద వంకర తిరిగిన వేలు పెట్టి నిమిరారు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. అంతయ్య దగ్గు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ దగ్గుకే ఆవిడ తలెత్తారు.

“ఎందుకు దాచారండీ ఇవన్నీ?”

“మీరే రాసిర్రు గద, మేడం.”

“నేనా? ఏం రాశాను?”

అంతయ్య వంగి, బొమ్మ అంచున నీలం మాట మీద వేలు పెట్టాడు. “గిదే. పైలం అని. దినాం రాసిర్రు. నేను పైలంగ వెట్టిన.”

ఆవిడ ఆ మాట చూశారు. అంతయ్యను చూశారు. మొదట నవ్వొచ్చింది ఆవిడకు, పెద్దగా, చిన్నపిల్లలా. నవ్వుతూ నవ్వుతూనే కళ్లజోడు తీసేశారు. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే గానీ ఏడుస్తున్నారని మాకు తెలియలేదు.

“మీ గది ముందు మందునీళ్లు ఒలికితే, ‘పైలం మేడం, జారుతరు’ అన్నారు మీరు. నేను వచ్చిన కొత్తలో. గుర్తుందా? నాకు ఆ మాట తెలీదు. అదేదో కెమికల్ పేరనుకున్నాను. ‘పైలం అంటే ఏ మందండీ’ అని మిమ్మల్నే అడిగాను.”

“యాదికుంది మేడం. జాగ్రత్త అని చెప్పిన.”

“ఆ రోజు కూడా ఇలాగే దగ్గుతున్నారు మీరు. కిటికీ లేని గది, ఆ ఘాటు. ఆరోగ్యం చూసుకోండని చెప్పాలనిపించేది. కానీ నలభైమంది మగవాళ్ల ఆఫీసులో ఒక ఆడది ప్రాసెస్ గది గుమ్మంలో నిలబడి ఆ మాట అంటే, మన డెస్కు ఎన్ని కథలు అల్లేదో మహిపాల్ గారికి తెలుసు.” నేను తల దించుకున్నాను. అల్లేవాళ్లం. “అందుకని నీలంలో రాశాను. అచ్చులో రాదు, మీ ఒక్కరికే కనిపిస్తుంది. మీ మాటే మీకు రాశాను. అది బొమ్మకి కాదండీ, అంతయ్య గారూ. మీకు.”

అంతయ్య వంగి ఆ నీలం మాటను మళ్లీ చదువుకున్నాడు. తప్పులు పట్టడమే పనిగా బతికిన నేను కూడా సజ్జ కింద నిలబడి ఆ మాటను ఆయనలాగే చదివాను. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

తేరుకున్నది అండాలమ్మే. “అంటే అమ్మా, పన్నెండేండ్లు దినాం నువ్వు గీయనకు పానం పైలం అని చెప్పినవా? గీయన పానం ఇడిసిపెట్టి కాయితాలు పైలం చేసిండా!” అని నెత్తి కొట్టుకుంది. అందరం నవ్వాం. అంతయ్య కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

“దొంగ కనిపిస్తే ఎందుకు చేశావని అడుగుతానన్నాను” అన్నారు కోటేశ్వరమ్మ గారు. “అడిగాను. జవాబు దొరికింది. నేను గీసిందాన్ని నేనే దాచుకోలేదండీ. నా జీవితమంతా మీ ఇంట్లో పెట్టుకుని కాపాడారు. మీ ఇద్దరికీ ఏమిచ్చి రుణం తీర్చుకోను?” ఆవిడ లేచి అంతయ్య చేతులు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. పుస్తకం వాళ్లు వచ్చి స్కాన్ చేసుకునేటప్పుడు ఆయన పక్కనే ఉండాలని, బొమ్మలు ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదని తేల్చి చెప్పారు. పుస్తకం అయ్యాక సగం పెట్టెలు మళ్లీ మీ సజ్జ మీదే ఉంచుకోండంటే, “అద్దమ్మా, ఆడ బియ్యం వెట్టుకుంట” అంది అండాలమ్మ.

అన్ని పెట్టెలూ పైకి చేర్చి, భోజనాలు చేసి బయలుదేరేసరికి మూడు దాటింది. వాన జల్లుకు మెట్లు తడిసి ఉన్నాయి. కోటేశ్వరమ్మ గారు గుమ్మం దాకా వచ్చారు. మేం రెండు మెట్లు దిగాం.

“పైలం, అంతయ్య గారూ” అన్నారు ఆవిడ. ఈసారి పైకే అన్నారు, మా అందరికీ వినిపించేలా.

అంతయ్య ఆగాడు. పన్నెండేళ్లు రోజూ వచ్చిన మాట అది. ఆర్డరనుకున్నాడు కాబట్టి ఒక్కనాడు కూడా బదులు చెప్పలేదు. వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించాడు.

“మీరు గూడ పైలం, మేడం.”

ఆ రోజు ఇంటికొచ్చాక అదే తలచుకున్నాను. మేం నూనె అద్దిన చోట, ఒకరు ఇంకొకరి ప్రాణం గురించి రోజూ ఒక మాట రాశారు. ఆ ఇంకొకరు దాన్ని తప్పుగా చదివి, ఆ తప్పును ముప్పై ఏళ్లు తలమీద మోశారు. నా ఉద్యోగంలో ఎన్ని తప్పులు దిద్దానో లెక్కలేదు. ఈ తప్పును ఎవరూ దిద్దకుండా వదిలేసినందుకు మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున పదింటికి ఫోన్ మోగింది. అండాలమ్మ.

“సార్, దవాఖానల లైన్ల ఉన్నం. గీయన దగ్గుకు సూపియ్యనీకి.”

“ఏమైందమ్మా? ఎక్కువైందా?”

“ఏం గాలే సార్. పదేండ్ల సంది నేను మొత్తుకుంటే రాని మనిషి, ఇయ్యాల తనంతట తనే లేచి తానం జేసి అంగి ఏసుకున్నడు. ఏందయ్యా అంటే, ‘మేడం రాసింది గద’ అన్నడు.”